బడి ఆవరణలో చెత్త: ఊడ్చే ముందు లెక్కపెట్టండి

జూన్‌లో బడులు తెరిచి వానలు మొదలయ్యాక మా ఆసుపత్రికి వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. జ్వరాలు, విరేచనాలు, కాలిలో గాజుపెంకు దిగి చీము పట్టిన పుళ్లు. తల్లులను అడిగితే, "ఇల్లంతా శుభ్రంగానే ఉంచుకుంటామండీ, నీళ్లు కూడా కాచి పోస్తున్నాం" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే పిల్లలు పగలు ఎక్కువసేపు ఉండేది బడిలో. డెంగీ జ్వరాన్ని మోసుకొచ్చే దోమ కుట్టేది కూడా పగటిపూటే.

ఈ సంగతి మనసులో ఉంచుకొని, మా కమ్యూనిటీ హెల్త్ విభాగం వారం గత విద్యా సంవత్సరంలో దగ్గరలోని ఒక హైస్కూలుకు వెళ్లి ఎనిమిదో తరగతి పిల్లలతో కొన్ని నెలలు పనిచేశాం. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. మీ పిల్లలు చదివే బడిలోనూ ఇంచుమించు ఇవే కనిపిస్తాయి కనుక పేరుతో పనిలేదు.

హెడ్మాస్టరుగారు మొదట మమ్మల్ని పిలిచింది పరిశుభ్రత మీద ఒక ఉపన్యాసం ఇమ్మని. పిల్లలకు ఉపన్యాసాలు కొత్తకాదు. పరిశుభ్రత మీద వ్యాసం రాయమంటే మనకంటే బాగా రాస్తారు. బహుమతి పొందిన వ్యాసం గోడకు అంటించి ఉంటుంది, దాని కిందనే చిప్స్ ప్యాకెట్టు పడి ఉంటుంది! జ్వరంతో వచ్చిన మనిషికి డాక్టరుగారు ముందు రక్తపరీక్ష రాస్తారు గదా. రోజూ ఊడ్చినా రోజూ చెత్త పడుతూనే ఉందంటే దానికీ ఒక పరీక్ష అవసరం. ఉపన్యాసం మానేసి ఆ పరీక్ష పిల్లల చేతే చేయిస్తామని హెడ్మాస్టరుగారితో చెప్పాం. ఆయన ఒప్పుకున్నారు.

లెక్కపెట్టి ఏరడం

చెత్తను లెక్కపెట్టే పద్ధతి మేము కనిపెట్టింది కాదు. 1986లో అమెరికాలోని టెక్సాస్ సముద్రతీరంలో కొందరు స్వచ్ఛంద సేవకులు తీరం శుభ్రం చేస్తూ, ఏరిన ప్రతి వస్తువునూ ఒక కార్డు మీద రాసుకున్నారు. అదే ఇప్పుడు ఏటా సెప్టెంబరు మూడో శనివారం అనేక దేశాల్లో, మన దేశ తీరంలోనూ జరిగే అంతర్జాతీయ తీరశుద్ధి కార్యక్రమం. చాలా ఏళ్లపాటు ఆ కార్డుల్లో సిగరెట్ పీకలదే మొదటి స్థానం. 2019 లెక్కల్లో మొదటిసారిగా తినుబండారాల ప్యాకెట్లు వాటిని దాటేశాయి. ఏరి పారేసి ఊరుకుంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

పిల్లలు ముందుగా బడి పటం గీశారు. గేటు, కొట్టు ఉన్న వైపు, మధ్యాహ్న భోజనం తినే వేపచెట్టు, కుళాయి, ఆటస్థలం, తరగతి గదుల వెనుక సందు, మరుగుదొడ్ల దారి, వెనుక ప్రహరీ. ఒక్కో చోటు ఒక్కో జట్టుకు అప్పగించాం. ప్రతి చోటా పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున సున్నంతో ఒక గడి గీసి, ఆ గడిలో పడినవి మాత్రమే లెక్కపెట్టమన్నాం. ఆవరణంతా లెక్కపెట్టబోతే రెండో రోజుకే విసుగు పుడుతుంది. రోజుకు మూడుసార్లు చూడాలి: ఉదయం గంట కొట్టకముందు, ఇంటర్వెల్ అయ్యాక, భోజనాలయ్యాక. వారంపాటు ఇలాగే చేయాలి.

ఏరడానికి వంటింట్లో వాడే పట్టకార్లు తెచ్చుకున్నారు. ఏరినవి పాత వార్తాపత్రిక మీద పోసి, రకాలుగా విడదీసి, నోటుపుస్తకంలో నిలువు గీతలు పెట్టుకొని, ఐదోది అడ్డంగా కొట్టారు. గాజుపెంకులు, బ్లేడ్లు, సూదులు కనబడితే పిల్లలు ముట్టకూడదు. అక్కడ ఒక రాయి గుర్తుపెట్టి ఉపాధ్యాయుణ్ని పిలవాలి. ఈ నియమంలో మేము ఏమాత్రం సడలింపు ఇవ్వలేదు. పని అయ్యాక అందరూ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నారు. జాతీయ టీకాల పట్టిక ప్రకారం 10వ ఏట, 16వ ఏట వేయాల్సిన టీడీ టీకా ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నది కూడా ఆ సందర్భంలోనే చూసుకున్నాం. పడనివాళ్లు కొందరు ఉన్నారు. తల్లిదండ్రులకు కబురు పంపి వేయించాం.

ఎవరు ఎత్తాలి?

రెండో రోజున ఇద్దరు తల్లులు, ఒక తండ్రి బడికి వచ్చారు. "పిల్లల్ని చదువుకోమని పంపాం గానీ చెత్త ఎత్తడానికా?" అని గట్టిగానే అడిగారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. మన ఊళ్లలో చీపురు ఎవరి చేతికి వస్తుందో అందరికీ తెలుసు. చాలాచోట్ల బడిలో కూడా ఊడ్చే పని ఆడపిల్లలకూ, కొన్ని వీధుల నుంచి వచ్చే పిల్లలకూ పడుతుంది. మిగిలినవాళ్లు చూస్తూ నిలబడతారు. ఒక బిడ్డకు ఆ అవమానం కలిగించి సాధించిన శుభ్రత మాకు అక్కర్లేదు.

ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి నోటుపుస్తకాలు చూపించాం. జట్లు హాజరుపట్టీ వరసలో వేసినవి. ప్రతి జట్టులో అబ్బాయిలూ అమ్మాయిలూ ఉన్నారు, పట్టకారు వంతులవారీగా మారుతుంది. ఉపాధ్యాయులకు కూడా ఒక గడి ఉంది, అది గేటు దగ్గరిది. మరుగుదొడ్లు కడగడం పిల్లల పని కాదు, దానికి ఆయమ్మ ఉన్నారు. ఆ తండ్రి వ్యవసాయ కూలీ. తన కూతురు గీసిన పటాన్ని చాలాసేపు చూశారు. "ఇది లెక్కల పనే" అని లేచి వెళ్లారు. మీ బడిలో ఇలాంటి పని మొదలుపెడితే ఈ ఏర్పాటు మొదటి రోజునే చేసుకోండి.

పటం చెప్పిన సంగతులు

వారం తరువాత లెక్కల మాస్టారి తరగతిలో నల్లబల్ల మీద అన్నీ వేశారు. ఇంటర్వెల్ తరువాత పడేవాటిలో అన్నిటికంటే ఎక్కువ చిప్స్, కుర్‌కురే ప్యాకెట్లు. వాటి మూల చింపిన చిన్న ముక్కలు విడిగా లెక్కిస్తే అవి కూడా దాదాపు అంతే. పిల్లలు ప్యాకెట్టును జేబులో పెట్టుకున్నా మూల ముక్కను మాత్రం చింపిన చోటే వదిలేస్తారు. చీపురుకు అది దొరకదు, మట్టిలో కలిసిపోతుంది.

అక్కడ ఒక అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. "వాటర్ బాటిళ్లు కూడా కొంటారు గదా సార్, అవి ఎందుకు తక్కువ ఉన్నాయి?" జవాబు ఇంకో అబ్బాయి చెప్పాడు. పాత సామాన్లవాడు బాటిళ్లు కొంటాడు, పాల కవర్లు కొంటాడు, చిప్స్ ప్యాకెట్లు కొనడు. నిజమే. ఆ ప్యాకెట్టు చూడటానికి ఒకటే కాగితంలా ఉన్నా దానిలో ప్లాస్టిక్ పొరలు, పలుచని అల్యూమినియం పూత అతుక్కొని ఉంటాయి. విడదీయడం కష్టం, అందుకే దానికి ధర లేదు. ధర లేనిది నేలమీద ఉండిపోతుంది. సాయంత్రం ఆవరణలోకి వచ్చే గేదెలు ఉప్పు రుచికి వాటినే నములుతాయి. పశువుల కడుపులో ప్లాస్టిక్ పేరుకుపోవడం గురించి పుట్టపర్తిలోని కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

చెత్తబుట్టల సంగతి చెప్పాలి. బడికి రెండు మంచి బుట్టలు ఉన్నాయి. దాత పేరు రాసి ఉన్న ఆ రెండూ హెడ్మాస్టరుగారి గది ముందు వరండాలోనే ఉన్నాయి. వచ్చిన అతిథులకు బాగా కనిపిస్తాయి! చెత్త పడేది మాత్రం గేటు దగ్గర, వేపచెట్టు కింద. ఇంటర్వెల్ పది నిమిషాల్లో గేటు నుంచి వరండాకు నడిచి వెళ్లి ప్యాకెట్టు వేసి వచ్చే పిల్లవాడు ఎక్కడా ఉండడు. పెద్దవాళ్లమైనా అంతే.

వేపచెట్టు కింద అన్నం మెతుకులు, గుడ్డు పెంకులు, చిక్కీ కవర్లు. కుళాయి దగ్గర పళ్లేలు కడిగిన చోట అన్నం నిలిచి, ఈగలు ముసిరి ఉన్నాయి. ఆ ఈగలే వచ్చి తినే పళ్లెం మీద వాలతాయి. విరేచనాలకు దారి అక్కడే ఉంది. అయిదు వేలమందికి ఆహారం పెట్టిన తరువాత కూడా ప్రభువు మిగిలిన ముక్కలను వృథా కానివ్వకుండా పోగుచేయించారని, పన్నెండు గంపలు నిండాయని మనం సండేస్కూలులో నేర్పుతాం. భోజనం అయ్యాక పోగుచేసే పని కూడా ఆ అద్భుతంలోనే ఉందన్నది మనం అంతగా చెప్పుకోము.

వెనుక ప్రహరీ దగ్గర మాత్రం లెక్క వేరేగా వచ్చింది. మిగతా రోజుల్లో అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, సోమవారం ఉదయం మాత్రం ఎక్కువ. పగిలిన మద్యం సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఖైనీ ప్యాకెట్లు, బీడీ ముక్కలు. బడి పిల్లలు ఆదివారం బడికి రారు. "పిల్లలే పాడుచేస్తున్నారు" అని ఇన్నాళ్లూ అసెంబ్లీలో తిట్లు తిన్న పిల్లలు ఆ గీతలను చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ గ్లాసుల్లో కొన్నింటిలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. మా సిస్టర్ గారు ఒక గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూపించారు. తోకాడిస్తూ దోమ పిల్లలు. డెంగీ దోమ పెరగడానికి చెరువు అక్కర్లేదు, సీసా మూతలో నిలిచిన నీళ్లు చాలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. నీళ్లు ఆరిపోయినా గుడ్లు నెలల తరబడి అంటుకొని ఉండి, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి. అందుకే నిలవ నీళ్లను వారానికొకసారి పారబోయమని చెప్తారు. మన రాష్ట్రంలో శుక్రవారాన్ని డ్రై డే అని పెట్టింది ఈ లెక్క మీదనే.

కిటికీ వెనుక నీలం మాత్రలు

చెత్త లెక్కలో మేము అసలు ఊహించని వస్తువు ఒకటి దొరికింది. తొమ్మిదో తరగతి గది కిటికీ వెనుక సందులో, ఆకుల కింద, నీలం రంగు మాత్రలు. తీసుకొచ్చిన అమ్మాయికి అవేమిటో తెలుసు, తెచ్చి మౌనంగా టేబుల్ మీద పెట్టింది. వారానికి ఒకటి చొప్పున ప్రభుత్వం బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు అవి. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రిజిస్టరులో ప్రతి పేరు ఎదురుగా మింగినట్టే టిక్కు ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మా ప్రసూతి వార్డులో రక్తం తక్కువై ఇబ్బంది పడే చిన్న వయసు తల్లులను చూస్తూనే ఉంటాం. వాళ్లకు అందవలసిన మందు ఆ సందులో మట్టిపాలవుతోంది.

ఎవరు పారేశారని మేము అడగలేదు, అడగవద్దని ఉపాధ్యాయులకూ చెప్పాం. సిస్టర్ గారు అమ్మాయిలతో విడిగా కూర్చున్నారు. కాసేపటికి మాటలు బయటికి వచ్చాయి. "వాంతి వచ్చినట్టుంటుంది సిస్టర్ గారూ." "నల్లగా విరేచనం అయింది, మా అమ్మ భయపడింది." ఒకమ్మాయి తలవంచుకొని, "ఇవి పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్రలంట గదండీ" అంది. విచారిస్తే ఆ బడిలో మాత్రలు ఇస్తున్నది ఉదయం రెండో పీరియడ్‌లో. చాలామంది అమ్మాయిలు ఇంట్లో ఏమీ తినకుండానే వస్తారు. ఖాళీ కడుపున మింగితే వికారం రావడం సహజం. మధ్యాహ్నం భోజనం చేసిన తరువాత మింగితే చాలా వరకు తగ్గుతుంది. మలం నల్లగా రావడం ఇనుము వల్లే, ప్రమాదం లేదు. మింగిన వెంటనే టీ తాగకూడదు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పిల్లలు పుట్టకపోవడమన్నది పూర్తిగా అబద్ధం. ఇప్పుడు అక్కడ మాత్రలు భోజనం తరువాత, క్లాసు టీచరు కూడా ఒకటి మింగి ఇస్తున్నారు. కిటికీ వెనుక గడిని పిల్లలు ఇప్పటికీ చూస్తున్నారు.

ఏం మార్చారు

దాత పేరున్న బుట్టలు రెండూ వరండా దిగాయి. ఒకటి గేటు దగ్గరికి, ఒకటి వేపచెట్టు కిందికి వెళ్లాయి. మిగతా చోట్ల వెదురు కర్రలు పాతి సిమెంటు సంచులు కట్టారు. ఖర్చు ఏమీ లేదు. కుక్కలు లాగకుండా సంచి నేలకు ఆనకుండా కట్టాలి, ఇది మూడో రోజున తెలిసింది. వంటింటి వెనుక గుంట తవ్వి, మెతుకులు, కూరగాయల తొక్కులు అందులో వేసి పైన ఎండుటాకులు, మట్టి చల్లుతున్నారు. పళ్లేలు కడిగే ముందు మిగిలిన అన్నం ఒక బకెట్టులో వేయాలన్నది వంటమ్మ పెట్టిన నియమం. పిల్లలు పెట్టిన నియమాల కంటే అదే బాగా అమలవుతోంది.

గేటు ఎదురుగా కొట్టు నడిపే మామ్మగారి దగ్గరికి నలుగురు పిల్లలు వెళ్లారు. "మామ్మా, నీ కొట్టు ముందు ఒక డబ్బా పెడతాం, ఖాళీ చేసే పని మాది" అన్నారు. "కొట్టు మూయిస్తారేమో అనుకున్నాను నాన్నా, డబ్బాయే గదా, పెట్టుకోండి" అని ఆమె నవ్వారు. ప్యాకెట్టు మూల ఆమే కత్తెరతో కోసి, ముక్కను డబ్బాలో వేసి ఇస్తున్నారు. వేరుశనగ ఉండలు, ఉడికించిన శనగలు కాగితం పొట్లంలో అమ్మి చూడమంటే ఒప్పుకున్నారు. అయితే చిప్స్ అమ్మడం మానలేదు, మానమని మేము అడగలేదు. ఆమె బతుకు ఆ కొట్టే.

ఖైనీ ప్యాకెట్ల విషయంలో మాత్రం మొహమాటం లేదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. లెక్కల మాస్టారు టేపుతో కొలిచి, ఆ హద్దులో ఉన్న ఇంకో బడ్డీకొట్టు సంగతి బడి యాజమాన్య కమిటీ ద్వారా పంచాయతీకి రాశారు. కొన్ని వారాలకు అక్కడ వేలాడే దండలు పోయాయి. పూర్తిగా అమ్మకం ఆగిందని చెప్పలేం.

అంతకుముందు బడి చెత్తను శుక్రవారం సాయంత్రం వంటింటి వెనుక కాల్చేవారు. ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ పొగ ఒక్కటి చాలు, రాత్రికి మా క్యాజువాలిటీకి రావడానికి. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి, 5,000 రూపాయల నుంచి జరిమానా పెట్టింది. ఇప్పుడు పొడి చెత్తను విడిగా సంచుల్లో కట్టి పంచాయతీ బండికి ఇస్తున్నారు.

రెండు నెలల తరువాత మళ్లీ వారంపాటు అవే గడుల్లో లెక్కపెట్టారు. గేటు దగ్గరా, చెట్టు కిందా గీతలు సగానికి పైగా తగ్గాయి. సంక్రాంతి సెలవుల తరువాత కొంత మళ్లీ పెరిగాయి, సంచులు చిరిగిపోయి ఎవరూ మార్చకపోవడం వల్ల. మార్చాక తగ్గాయి. వెనుక ప్రహరీ దగ్గర సోమవారం లెక్క మాత్రం తగ్గనే లేదు.

ఆ సోమవారం చెత్త

ఆ చెత్తను పిల్లలు ఇంకాస్త విడదీసి చూశారు. సీసాలు, ఖైనీ ప్యాకెట్లు ఒక మూల ఉన్నాయి, అవి రాత్రి పూట గోడ వెనుక కూర్చునే పెద్దమనుషులవి. రెండో మూలలో ఉన్నవి వేరు. గ్లాసులు, కూర అంటిన పేపరు పళ్లేలు, చిన్న నీళ్ల ప్యాకెట్లు. ఆ మూల గోడకు అవతల ఒక ప్రార్థనా మందిరం ఉంది. అక్కడ ఆరాధన తరువాత ప్రేమవిందు పెడతారు, గాలికి అవి గోడ దాటి వస్తాయి. ఇది చెప్పడానికి పిల్లలు చాలా సంకోచించారు. వాళ్లలో కొందరు ఆ సంఘం పిల్లలే. చివరికి ఇద్దరు అమ్మాయిలు పటం, నోటుపుస్తకం పట్టుకొని పాస్టరుగారి ఇంటికి వెళ్లారు. ఆయన కోప్పడలేదు. మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో ఆ పటాన్నే సంఘానికి చూపించారు.

ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, పళ్లేలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా దొరుకుతున్నాయి, మనమూ కొంటున్నాం. పేపరు గ్లాసు మంచిదే అనుకుంటారు గానీ దాని లోపలా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ సంఘంలో స్త్రీల సమాజం వారు చందాలు వేసుకొని స్టీలు గ్లాసులు కొన్నారు. కడిగే పని ఎవరిదన్న దాని మీద కొంత వాదన జరిగిందని విన్నాం. ఇప్పుడు యౌవనస్థులకూ వంతు వేశారట. ఆ మూల గడిలో లెక్క తగ్గింది. సీసాల మూల అలాగే ఉంది. పంచాయతీ వారు అక్కడ దీపం వేయిస్తామన్నారు, ఇంకా వేయలేదు.

ఈ సంవత్సరం కొత్త ఎనిమిదో తరగతి పిల్లలు అవే గడులతో లెక్క మొదలుపెట్టారు. మీ ఊరి బడిలో గానీ, సండేస్కూలులో గానీ ఇలా చేయదలిస్తే పటం నమూనా, గీతలు పెట్టే కార్డులు, పట్టకార్లు మా కమ్యూనిటీ హెల్త్ గదిలో ఉన్నాయి. ఆదివారం తప్ప అన్ని రోజులూ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు సిస్టర్ గారు అక్కడే ఉంటారు. వచ్చేటప్పుడు బడి పటం ఒక తెల్లకాగితం మీద చేత్తో గీసుకొని రండి, కొట్టు ఎటువైపు ఉందో, కుళాయి ఎక్కడుందో అందులో గుర్తుపెట్టండి.